ట్రావెల్ ట్రైలర్‌లో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో పట్టుకోవడం ఎలా? పైపులన్నీ మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. కారుకు తగిలించుకుని గండికోట వెళ్లొచ్చినప్పటి నుంచి సింకు కింద ప్లైవుడ్ తడిగా ఉంటోంది. కొళాయిలన్నీ కట్టేసి ఉన్నా రాత్రిళ్లు పంపు తనంతట తానే రెండు క్షణాలు తిరిగి ఆగుతోంది. ఒక ప్లంబర్ వచ్చి కనబడిన జాయింట్లన్నిటికీ సిలికాన్ పూసి వెళ్లాడు, అయినా తడి తగ్గలేదు. ఇప్పుడు ఇంకొకాయన పైపులన్నీ పీకేసి కొత్తవి వేయాలంటున్నాడు. వేయించాలా వద్దా?

వద్దండీ. ఇప్పుడే పైపులు పీకించకండి. నేను బెంగళూరులో క్యాంపర్ వ్యాన్లకూ ట్రైలర్లకూ నీళ్ల లైన్లు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా షెడ్డుకు లీకని వచ్చిన బళ్లలో పైపు మధ్యలో చిల్లుపడినవి చాలా తక్కువ. దాదాపు ప్రతిసారీ తప్పు ఉండేది జాయింటు దగ్గర, పంపు లోపల, లేదంటే ట్యాంకు మూతి దగ్గర. అది ఎక్కడో తెలియకుండా లైనంతా మారిస్తే పాత లీకు అలాగే ఉండిపోయే అవకాశం ఉంది, పైగా ఇరవై కొత్త జాయింట్లు వచ్చి చేరతాయి. పంపు దానంతట అది తిరుగుతోందని రాశారు చూడండి, అది చాలా విలువైన ఆనవాలు. దాన్ని పట్టుకుని వెళ్తే ఒక్క పూటలో చోటు దొరుకుతుంది.

మొదట ఒక జాగ్రత్త. సింకు కింద తడి ఉందంటే దగ్గర్లో ఇన్వర్టర్ వైరో, ప్లగ్ పాయింటో ఉండే ఉంటుంది. బయటి నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల కనెక్షన్ పీకేయండి, ఇన్వర్టర్ ఆపేయండి. పంపు నడిచే 12 వోల్టుల బ్యాటరీ లైను ఒక్కటి ఉంటే చాలు. టార్చి వెలుగులోనే పని చేసుకోండి.

రెండోది, బండిని సమానమైన నేల మీద నిలపండి. తడి కనబడిన చోటే లీకు ఉందని అనుకోవడం వల్లే సగం డబ్బు వృథా అవుతుంది. ట్రైలర్ ఫ్లోరు కింద ఇనుప యాంగిళ్లు ఉంటాయి, ఫ్లోరింగ్ షీటుకూ ప్లైవుడ్‌కూ మధ్య సందు ఉంటుంది. నీరు ఆ సందు వెంట పల్లానికి పోయి ఎక్కడో తేలుతుంది. ఒక కుటుంబం వెనక మంచం కింద తడి చూసి, కిటికీ నుంచి వాన నీరు దిగుతోందని కిటికీ మొత్తం ఊడదీయించింది. లీకు ఉన్నది ముందు వైపు టాయిలెట్‌కు నీళ్లు వెళ్లే చోట. వాళ్ల అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద బండి వెనక్కి వాలి నిలబడటంతో నీళ్లన్నీ వెనక్కి చేరాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. ట్రైలర్‌లో కారే నీళ్లు మూడు రకాలు. పంపు ఒత్తిడితో ఎప్పుడూ నిండుగా ఉండే లైన్ల నీళ్లు, అంటే పంపు నుంచి కొళాయిల దాకా ఉన్నవి. సింకులో, స్నానాల గదిలో పోశాక కిందికి పోయే వాడకపు నీళ్లు. మూడోది బయటి నీళ్లు: వాన, పైకప్పు మీది ఏసీ నీళ్లు లాంటివి. ముందు ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి. ఆ తర్వాతే స్పానర్ చేతికి తీసుకోండి.

మీ విషయంలో మొదటి రకం మీదే నా అనుమానం. కారణం చెప్తాను. ఈ బళ్లలో ఉండే డయాఫ్రమ్ పంపుకు లోపలే ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. కొళాయి కట్టేశాక లైన్లో ఒత్తిడి పెరిగి, పంపును బట్టి మామూలుగా 40–55 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే ప్రమాణం) మధ్యకు వచ్చేసరికి పంపు ఆగిపోతుంది. ఒత్తిడి కొంత పడగానే మళ్లీ మొదలవుతుంది. కొళాయిలన్నీ కట్టేసి ఉంటే ఒత్తిడి పడటానికి కారణమే ఉండకూడదు. పడుతోందంటే నీరు ఎక్కడి నుంచో బయటికి పోతోంది, లేదా పంపులో నుంచే వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. ఈ రెండోది చాలామందికి తట్టదు. ఎక్కడా చుక్క తడి కనబడదు, కానీ పంపు రాత్రంతా టక్‌టక్‌మంటూనే ఉంటుంది.

ఈ రెండింటినీ విడదీసే పరీక్ష. పంపు దాటగానే పైపు మీద ఒక బాల్ వాల్వు ఉందేమో చూడండి. లేకపోతే అరంగుళం ఇత్తడి బాల్ వాల్వు ఒకటి వేయించండి. లీకు వెతకడానికి నేను మిమ్మల్ని కచ్చితంగా కొనమనేది అదొక్కటే. పంపు ఆన్ చేసి, అన్ని కొళాయిలూ తిప్పి గాలి పోయేదాకా నీళ్లు వదలండి, ఒక్కొక్కటే కట్టేయండి. పంపు ఆగుతుంది. ఇప్పుడు ఆ బాల్ వాల్వు కట్టేసి, పంపు స్విచ్ ఆన్‌లోనే ఉంచి, ఒక గంట పక్కన కూర్చోండి.

పంపు మళ్లీ తిరిగిందా? అయితే కొళాయిల వైపు చూడనక్కర్లేదు. తప్పు పంపుకూ వాల్వుకూ మధ్యనో, పంపు లోపలో ఉంది. బయట జాయింటు పొడిగా ఉంటే, పంపు లోపల నీటిని వెనక్కి రానివ్వకుండా ఆపే చిన్న రబ్బరు వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్న మాట. అందులో ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, బోరు నీళ్ల సున్నం పేరుకున్నా చాలు. బెంగళూరులో ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇది తరచుగా వచ్చే సమస్య. పంపు తల విప్పి, వాల్వును గోరువెచ్చని నీళ్లు, వెనిగర్ కలిపి కాసేపు నానబెట్టి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. కుదరకపోతే ఆ మోడల్‌కు వాల్వు కిట్ తెప్పించి వేయండి, లేదంటే పంపు తర్వాత విడిగా ఒక నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి. పంపుకు ముందుండే ఫిల్టరు గిన్నె కూడా తీసి కడగండి. దాని ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు రింగు, సరిగ్గా కూర్చోకపోతే అక్కడ నీరు కారకపోయినా గాలి లోపలికి పోతుంది. కొళాయిలో నీళ్లు తుపుక్‌తుపుక్‌మని ఎగిసిపడుతూ వస్తుంటే, పంపు ఆగడానికి ఎక్కువసేపు తీసుకుంటుంటే, ట్యాంకుకూ పంపుకూ మధ్య గాలి పీలుస్తోందని అర్థం. ఆ గిన్నెను చేత్తోనే బిగించాలి, స్పానర్ పెడితే పగులుతుంది.

ఇదే తప్పును బయటపెట్టే ఇంకో ఆనవాలు ఉంది. బయటి కొళాయికి గొట్టం తగిలించి వాడుతున్నప్పుడు మీ మంచినీళ్ల ట్యాంకు దానంతట అదే నిండి పొంగుతోందా? అయితే బయటి నీరు పంపులోంచి వెనక్కి ట్యాంకులోకి పోతోంది. తప్పు పంపు లోపలి ఆ రబ్బరు వాల్వుదే.

గంటసేపు పంపు నోరెత్తలేదంటే పంపు మంచిదే, లీకు బాల్ వాల్వు తర్వాత ఎక్కడో ఉంది. అప్పుడు బాల్ వాల్వు మళ్లీ తెరిచి, ఒక్కో కొమ్మనూ, అంటే మెయిన్ లైను నుంచి చీలే ఒక్కో పైపునూ, విడదీసుకుంటూ పోవాలి. ముందు వేడినీళ్ల లైను. గీజర్‌కు నీళ్లు వెళ్లే వాల్వూ, బయటికొచ్చే వాల్వూ రెండూ కట్టేసి మళ్లీ చూడండి. తర్వాత టాయిలెట్‌కు వెళ్లే లైను. తర్వాత షవర్. మీ ట్రైలర్‌లో ఇన్ని వాల్వులు లేకపోతే, ఆ కొమ్మ మొదట్లో కనెక్షన్ పైపు విప్పి అరంగుళం డమ్మీ ప్లగ్గు బిగించినా పని జరుగుతుంది. ఏ కొమ్మను మూస్తే పంపు మౌనంగా ఉందో లీకు ఆ కొమ్మలో ఉన్నట్టే.

పంపు శబ్దం వినడానికి రోడ్డు మీది హోరు అడ్డమైతే గేజీ పెట్టుకోండి. 0–100 పీఎస్ఐ గేజీని షవర్ గొట్టం విప్పిన చోట టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, షవర్ కొళాయి తెరిచి ఉంచి, లైను ఒత్తిడికి తెచ్చి, పంపు స్విచ్ ఆపేసి, బాల్ వాల్వు కట్టేసి, ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. రాత్రి చల్లదనానికి ముల్లు కొద్దిగా దిగితే కంగారు పడొద్దు, సగానికి పడిపోతేనే లీకు.

గాలి కంప్రెసర్‌తో మాత్రం పరీక్ష చేయించకండి. కొందరు టైర్ల షాపుకు తీసుకెళ్లి లైన్లోకి గాలి కొట్టించి సబ్బునీళ్లు పూస్తారు. సీపీవీసీ, పీవీసీ లాంటి ప్లాస్టిక్ పైపుల్లో ఇది ప్రమాదం. నీరు నొక్కుకోదు కాబట్టి పైపు పగిలినా ఒత్తిడి వెంటనే పడిపోతుంది. నొక్కిపట్టిన గాలి అలా కాదు, ప్లాస్టిక్ పగిలితే ముక్కలు ఎగిరొచ్చి మొహానికి తగులుతాయి. నీళ్లతోనే పరీక్షించండి.

ఇప్పుడు ఏ కొమ్మో తెలిసింది, ఏ జాయింటో తేల్చాలి. ఇక్కడ తొందరపడకండి. ఆ కొమ్మలోని ప్రతి జాయింటునూ గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయర్‌తో పూర్తిగా ఆరబెట్టండి. డ్రయర్‌ను తడి బండిలోని ప్లగ్గుకు పెట్టకుండా, ఇంట్లోంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డును బండి బయట పొడి చోట ఉంచి వాడండి, ఆ కాసేపు పంపు ఆపేయండి. పాత సిలికాన్ అంతా బ్లేడుతో గీకి తీసేయాలి, ఎందుకంటే నీరు దాని కింద నుంచి పాకి రెండంగుళాల అవతల బయటపడుతుంది. తర్వాత టిష్యూ పేపర్‌ను సన్నని పట్టీలుగా చించి, ఒక్కో జాయింటుకు రెండేసి చుట్టండి: ఒకటి జాయింటుకు పైన, ఒకటి కింద. పంపు ఆన్ చేసి అరగంట ఆగి చూడండి. కింది పట్టీ ఒక్కటే నీరు పీల్చి ముదురు రంగుకు తిరిగితే లీకు ఆ జాయింటుదే. రెండూ తడిస్తే నీరు ఇంకా పై నుంచి వస్తోంది, పైకి వెళ్లండి. ఒక్క పట్టీ పెట్టేవాళ్లు అమాయకమైన జాయింటును విప్పేది ఇందుకే. చేయి దూరని చోట ఫోన్ కెమెరా, ఫ్లాష్ వాడండి. జాయింటు వెనక వైపు చూడకుండా బాగుందని అనుకోవద్దు.

సెకనుకు ఒక చుక్క పడే లీకు కూడా రోజుకు నాలుగు లీటర్లకు పైనే పోస్తుంది. ఆ నీరంతా మీ ప్లైవుడ్ తాగుతోందని గుర్తుపెట్టుకుని ఓపికగా వెతకండి.

గీజర్ గురించి విడిగా చెప్పాలి. ఒకాయన మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ వెళ్లినప్పుడు రాత్రి గీజర్ దగ్గర చుక్కలు పడుతున్నాయని ఫోన్ చేశారు, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. గీజర్ ఆపితే చుక్కలు ఆగుతున్నాయా అని అడిగితే అవునన్నారు. అది లీకు కాదు. నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగితే దాదాపు ఒకటిన్నర శాతం ఉబ్బుతాయి. 15 లీటర్ల గీజర్‌లో అది పావు లీటరుకు కాస్త తక్కువ. ఇంట్లో అయితే ఆ ఉబ్బిన నీరు పైనున్న ట్యాంకు వైపు జరుగుతుంది. ట్రైలర్‌లో పంపు దగ్గర నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది కాబట్టి దారి లేక సేఫ్టీ వాల్వు గుండా చుక్కలుగా బయటికి వస్తుంది. అది దాని పని అది చేస్తోంది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ వాల్వుకు బిరడా కొట్టకండి, ఎమ్‌సీల్ పూయకండి. గీజర్ పేలుతుంది. చుక్కలు ఇబ్బందిగా ఉంటే దాని నోటికి ఒక గొట్టం తగిలించి ఫ్లోరు కిందికి వదలండి. లేదా లైన్లో చిన్న అక్యుములేటర్ ట్యాంకు పెట్టించండి. లోపల గాలి సంచి ఉండి ఉబ్బిన నీటికి చోటిస్తుంది, పంపు మాటిమాటికీ తిరగడం కూడా తగ్గుతుంది. గీజర్ చల్లగా ఉన్నప్పుడు కూడా ఆ వాల్వు కారుతుంటే మాత్రం మార్చేయాలి.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బేస్‌మెంట్ పార్కింగ్‌లో తోటకు నీళ్లు పెట్టే కొళాయికి గొట్టం తగిలించి ట్రైలర్‌కు నేరుగా ఇస్తుంటారు. పది మీటర్ల ఎత్తు నీళ్లకు 14 పీఎస్ఐ చొప్పున ఒత్తిడి ఉంటుంది. ఇరవై అంతస్తుల బిల్డింగు పైన ట్యాంకు ఉంటే, మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వు లేకపోతే, కింది కొళాయిలో 85 పీఎస్ఐ వరకూ ఉండొచ్చు. మీ ట్రైలర్ పంపు ఇచ్చేది అందులో సగం. గండికోట రోడ్డు వల్ల కాకుండా, వెళ్లే ముందు పార్కింగ్‌లో అలా వాడినందువల్లే జాయింటు కదిలి ఉండొచ్చు కూడా. బయటి నీళ్లు తగిలించే చోట 40–50 పీఎస్ఐకి సెట్ చేసిన రెగ్యులేటర్ పెట్టుకోండి.

వాడకపు నీళ్ల లీకు పట్టుకోవడం తేలిక. పంపు పూర్తిగా ఆపేసి, సింకు మూత పెట్టి, బకెట్‌తో నిండా నీళ్లు పోయండి. జిలేబీల్లో వేసే ఫుడ్ కలర్ చిటికెడు కలపండి. షవర్ దగ్గర కూడా పరీక్షించాలంటే అక్కడ వేరే రంగు. మూత ఒక్కసారి తీస్తే పైపు నిండుగా దిగుతుంది, సన్నని ధారలో దాక్కునే లీకు అప్పుడు బయటపడుతుంది. ఎక్కువగా సింకు అడుగున ఉండే వేస్ట్ కప్లింగ్ దగ్గరో, బాటిల్ ట్రాప్ నట్ల దగ్గరో ఉంటుంది. అవి ప్రయాణంలో అదురుకు వదులవుతాయి, చేత్తో బిగిస్తే చాలు. ఎంత బిగించినా ఆగకపోతే లోపలి వాషర్ మెలి తిరిగి కూర్చుంది, తీసి మళ్లీ పెట్టండి. షవర్ ట్రే విషయానికొస్తే, జాలీని బిరడాతో మూసి, అంగుళం ఎత్తు నీళ్లు నింపి, అందులో నిలబడి అటూ ఇటూ బరువు వేయండి. ఖాళీగా ఉన్నప్పుడు కారని ట్రే, మనిషి నిలబడితే కిందికి వంగి అంచు సిలికాన్ విడిపోయి కారుతుంది. సిలికాన్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఈ పరీక్షలకు రెండు మూడు బకెట్లు చాలు, ట్యాంకు నిండా నీళ్లు అక్కర్లేదు. 2024 మార్చిలో నీళ్ల కటకట వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి, తాగే నీళ్లతో బళ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించిన ఊరు మనది. డ్రైన్ పరీక్షకు ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి వాడుకోవచ్చు.

మంచినీళ్ల ట్యాంకు మీద అనుమానముంటే మాత్రం నిండా నింపాలి. నింపి, పంపు ఆపి, ట్యాంకు పక్కన మార్కర్‌తో గీత గీసి వదిలేయండి. మట్టం దిగుతూ వచ్చి ఎక్కడో ఒకచోట ఆగితే, చీలిక ఆ ఎత్తులోనే ఉంది. సగం నింపితే కారదు, నిండా నింపితేనే కారుతుంది అనే ఫిర్యాదుకు కారణం చాలావరకు ట్యాంకు పైనుండే నింపే గొట్టం క్లాంపు, గాలి గొట్టం. వంద లీటర్ల ట్యాంకు అంటే వంద కిలోల బరువు, స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ ఆ బరువు ట్యాంకు మూతుల మీద గుంజుతుంది. బెల్టులు వదులుగా ఉంటే మూతి దగ్గర వెల్డు చీలుతుంది. ఆగి ఉన్నప్పుడు ఏమీ కారక, కదిలితేనే తడి వస్తుంటే అల్మారాల అడుగున పాత న్యూస్‌పేపర్లు పరిచి అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తీసుకురండి. ఎక్కడి పేపరు తడిస్తే అక్కడ వెతకాలి. ట్రైలర్ కదులుతున్నప్పుడు లోపల మనిషిని కూర్చోబెట్టి చూడమనడం మాత్రం వద్దు.

వాన నీళ్ల గురించి ఎక్కువ చెప్పను. వాన పడని వారం కూడా తడి ఉంటోందా అని చూసుకుంటే చాలు. ఉంటే వాన కారణం కాదు.

ఇక బాగుచేయడం. ఇళ్లకు పనిచేసే ప్లంబర్లు తమ పనిలో గట్టివాళ్లే, కానీ ఇల్లు కదలదు. ట్రైలర్ చాసిస్ గుంత గుంతకూ మెలి తిరుగుతుంది. గోడకు కొట్టినట్టు సీపీవీసీ పైపును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బిర్రుగా బిగిస్తే ఆ మెలికంతా జాయింట్ల మీద పడుతుంది. నేను విప్పిన పగిలిన ఫిట్టింగుల్లో ఎక్కువ భాగం ఎంటీఏలు, అంటే బయట మర ఉన్న ప్లాస్టిక్ ముక్కలు. మొదటి మర మొదలయ్యే చోట వెంట్రుకంత గీత పడుతుంది. గోరుతో రాస్తే తగులుతుంది, కంటికి కనబడదు. ఇత్తడి కొళాయిలోకి ప్లాస్టిక్ మరను బలంగా బిగించినప్పుడే ఇది మొదలవుతుంది. అలాంటి చోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే వేయించండి. పంపుకు రెండు వైపులా, గీజర్‌కు రెండు వైపులా అడుగున్నర చొప్పున మెత్తని గొట్టం కొద్దిగా వంపుతో వదలండి. ఆ వంపే అదురును మింగుతుంది. పైపు ఫ్లోరు గుండా దిగే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) లేకపోతే ఇనుప అంచు పైపును కోస్తుంది, అది కూడా చూసుకోండి.

టెఫ్లాన్ టేపు ఎక్కడ పడితే అక్కడ చుట్టడం ఇంకో అలవాటు. మర మీద మర బిగిసి ఆగే చోట టేపు కావాలి, బిగించే దిశలోనే చుట్టాలి. లోపల రబ్బరు వాషర్ ఉండే కనెక్షన్ పైపు నట్టుకు టేపు అక్కర్లేదు, అక్కడ నీటిని ఆపేది వాషర్. టేపు మందంగా చుడితే నట్టు పూర్తిగా కూర్చోక వాషర్ నొక్కుకోదు, ఇంకా కారుతుంది. చేత్తో బిగించాక స్పానర్‌తో పావు తిప్పు చాలు. ఆగకపోతే వాషర్ మార్చండి, బలం పెంచకండి.

మీ ట్రైలర్‌లో దిగుమతి సామాన్లు ఉన్నాయా చూడండి. అమెరికా కొళాయిలకూ పంపులకూ ఎన్‌పీటీ మరలు, మన దగ్గర దొరికేవాటికి బీఎస్‌పీ మరలు. అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 మరలే, అందుకే ఒకదాంట్లో ఒకటి ఎక్కుతుంది, సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ మర కోణం ఒకదానిది 60 డిగ్రీలు, ఇంకోదానిది 55. ఎంత టేపు చుట్టినా అంచుల్లో నీరు ఊరుతూనే ఉంటుంది. ఒకే జాయింటును ముగ్గురు వేర్వేరు మనుషులు బిగించినా ఆగలేదంటే నేను మొదట చూసేది ఇదే. మర మార్చే అడాప్టర్ వేస్తే తీరిపోతుంది. ఇలాంటి ఫిట్టింగులు, గేజీలు ఎస్పీ రోడ్డులో, మంచి స్టీలు క్లాంపులు జేసీ రోడ్డు ఆటోమొబైల్ దుకాణాల్లో వెతకండి. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి, నోటితో సైజు చెప్పి తెచ్చుకుంటే మళ్లీ తిరగాల్సి వస్తుంది.

నొక్కితే పట్టుకునే పుష్‌ఫిట్ జాయింట్లు ఉంటే, కారేదాన్ని బయటికి లాగి పైపు చివర చూడండి. హ్యాక్సా బ్లేడుతో వంకరగా కోసినా, చివరి అంగుళంలో నిలువు గీత ఉన్నా ఓ-రింగ్ నీటిని ఆపలేదు. ఆ ముక్కను పైపు కట్టర్‌తో తిన్నగా కోసేసి, ఎంత లోతు వెళ్లాలో మార్కర్‌తో గుర్తు పెట్టి, ఆ గుర్తు దాకా నెట్టండి. సీపీవీసీ గమ్ జాయింటు కారుతుంటే దాని మీద మళ్లీ గమ్ పూయడం దండగ. కోసేసి కొత్త కప్లర్ వేయాలి, లోపల ఒక్క చుక్క నీరు లేకుండా ఆరబెట్టాలి, ఆ రాత్రంతా పంపు ముట్టుకోకూడదు. ఒత్తిడి ఉన్న లైను మీద బయట పూసిన సిలికాన్ గానీ ఎమ్‌సీల్ గానీ ఇంటికి చేరేదాకా నడిపించే కట్టు మాత్రమే. ప్రయాణంలో అవసరమైతే వాడండి, వచ్చాక తీసేయండి.

లీకు ఆగాక ప్లైవుడ్ సంగతి. చాలామంది ఆ రోజే తలుపు మూసేస్తారు, అక్కడే కుళ్లు మొదలవుతుంది. అల్మారా తలుపు తీసి ఉంచి, ఫ్యాను పెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. వానాకాలంలో దానికి వారాలే పట్టొచ్చు. తేమ కొలిచే మీటరు దొరికితే కర్రలో 20 శాతం కన్నా బాగా కిందికి దిగేదాకా ఆగండి. మీటరు లేకపోతే సన్నని స్క్రూడ్రైవర్ కొనతో నాలుగైదు చోట్ల నొక్కండి. గట్టిగా తగిలితే పర్లేదు, మెత్తగా దిగిపోతే ఆ ముక్క కోసి తీసేయాల్సిందే. కొత్తది వేసేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి, ఐఎస్ 303లో వచ్చే ఎంఆర్ (కొద్దిపాటి తేమను మాత్రమే తట్టుకునే) రకం ఈ చోటుకు పనికిరాదు. కోసిన అంచులకు కూడా వార్నిష్ పట్టించండి, నీరు మొదట లోపలికి పోయేది అంచుల్లోంచే. జాయింట్లు ఉన్న చోట పలకను మేకులతో కొట్టకుండా స్క్రూలతో బిగించమనండి, రేపు మళ్లీ చూడాల్సి వస్తే పగలగొట్టకుండా తీయొచ్చు.

వచ్చే ప్రయాణం దాకా పడుకునే ముందూ, బండి కదిలే ముందూ పంపు స్విచ్ ఆపేయండి. తర్వాత ఒక కొళాయి తిప్పి లైన్లో ఒత్తిడి వదిలేయండి. దారిలో ఏ జాయింటైనా ఊడినా ట్యాంకు మొత్తం ఫ్లోరు మీదికి రాదు.

బాల్ వాల్వు కట్టేశాక పంపు తిరిగిందో లేదో చూసి ఇక్కడ రాయండి. పంపు మీది లేబుల్ ఫొటో, సింకు కింద జాయింట్ల ఫొటో కూడా పెట్టండి. మర ఏ రకమో, వాల్వు కిట్ ఏది కావాలో చూసి చెప్తాను.